వెబ్‌కిట్ అని పేరున్న ప్రాపర్టీ గురించి ఎక్కడ చదవాలి: ఎండీఎన్ మేలా, కెన్ ఐ యూజ్ మేలా?

ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెలు అమ్మే దుకాణానికి వెబ్‌సైటు చేస్తున్నాం. ప్రతి వస్తువు కింద రెండు వరసల వివరణ, అంతకు మించితే మూడు చుక్కలు రావాలి. నెల్లూరు పొగతోటలో నా పక్కన పనిచేసే కుర్రాడు ఎక్కడో దొరికిన సీఎస్ఎస్ (పేజీ రూపురేఖలు చెప్పే కోడ్) ముక్క తెచ్చి పెట్టాడు: -వెబ్‌కిట్-లైన్-క్లాంప్: 2. "ఏందన్నా, చుక్కలే రాలా. ఇది ఏ బ్రౌజర్‌ది? దీని గురించి ఎక్కడుంటది?" అన్నాడు.

పేరులో వెబ్‌కిట్ (ఆపిల్ సఫారీ బ్రౌజర్ లోపల నడిచే ఇంజిన్) ఉంది కదా అని ఆపిల్ వాళ్ల దగ్గర వెతకడం మొదలుపెట్టాడు. అక్కడ దొరికే సఫారీ సీఎస్ఎస్ రిఫరెన్స్ పాత పత్రాల ఆర్కైవ్‌లో పడి ఉంది. అసలు ఆ పేరు చూసి ఇల్లు పట్టుకోవడం కుదరదు. ఇదే ప్రాపర్టీని ఇదే పేరుతో ఫైర్‌ఫాక్స్ కూడా 2019లో, 68వ వెర్షన్‌లో తీసుకుంది.

నా ఓటు ఎండీఎన్‌కే, అంటే ఒక్కో ప్రాపర్టీకి ఒక్కో పేజీలో వివరణ ఇచ్చే సైటుకే. ఆ పేజీ తెరవగానే వాడి తప్పు బయటపడింది. లైన్-క్లాంప్ ఒంటరిగా పనిచేయదు. డిస్‌ప్లే విలువ -వెబ్‌కిట్-బాక్స్ కావాలి, -వెబ్‌కిట్-బాక్స్-ఓరియెంట్ వర్టికల్ కావాలి, మిగిలిన వరసలు కనబడకుండా ఓవర్‌ఫ్లో హిడెన్ కావాలి. ఈ తోడు ప్రాపర్టీల సంగతి, ఏది ఏ బ్రౌజర్‌లో పనిచేస్తుందో చూపించే కెన్ ఐ యూజ్ సైటు పట్టికలో గళ్లు చూస్తే అర్థం కాదు. 2017లో మైక్రోసాఫ్ట్ కూడా తన వెబ్ డాక్యుమెంటేషన్ చదివేవాళ్లను ఎండీఎన్‌కే మళ్లించింది కాబట్టి, ఒక్కో కంపెనీ గడపా ఎక్కాల్సిన పని లేదు.

స్క్రోల్‌బార్ రంగు మార్చినప్పుడూ ఇదే అనుభవం. క్రోమ్ 121 నుంచి స్క్రోల్‌బార్-కలర్ పనిచేస్తుంది. అది రాస్తే, కింద పాత పద్ధతిలో ఎంత ఓపిగ్గా ::-వెబ్‌కిట్-స్క్రోల్‌బార్ రాసినా చెల్లదు. ఆ మాట ఎండీఎన్‌లో ఉంది. తెలియక ఒక మధ్యాహ్నం మొత్తం పోగొట్టుకున్నాను.

కెన్ ఐ యూజ్ పని వేరు. ఏ వెర్షన్ నుంచి ఉంది, వాడేవాళ్లలో ఎందరికి అందుతుంది అన్నది చిటికెలో చెబుతుంది. సెట్టింగుల్లో భారతదేశం ఎంచుకుంటే మన దేశపు శాతమే చూపిస్తుంది. నెల్లూరు దుకాణానికి ప్రపంచ సగటుతో పనేముంది? గడిలో చిన్న అంకె ఉంటే మాత్రం కింది నోట్ చదవకుండా వదలొద్దు. మరో జాగ్రత్త: మన దగ్గర ఐఫోన్‌లో క్రోమ్ వాడినా లోపల నడిచేది వెబ్‌కిట్టే. కాబట్టి ఆ కస్టమర్ కోసం చూడాల్సింది క్రోమ్ వరుస కాదు, ఐఓఎస్ సఫారీ వరుస.

వెబ్ ప్రమాణాలు రాసే సంస్థ డబ్ల్యూ3సీ స్పెసిఫికేషన్ మూడో దారి. లైన్-క్లాంప్ సంగతి సీఎస్ఎస్ ఓవర్‌ఫ్లో లెవెల్ 4లో ఉంది. రెండు బ్రౌజర్లు రెండు రకాలుగా చూపిస్తుంటే తప్ప అంత దూరం పోనక్కర్లేదు.

అన్నీ సరిచేశాక చుక్కలు వచ్చాయి గానీ, రెండో వరసలో "చెక్క" కింద క ఒత్తు సగానికి తెగిపోయింది. లైన్-హైట్ 1.2 ఉంది మరి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే ఆ ఎత్తు మన ఒత్తులకు చాలదు. కిందికి దిగిన భాగాన్ని ఓవర్‌ఫ్లో హిడెన్ కోసేస్తుంది. వాడు కింద ప్యాడింగ్ పెంచి చూశాడు. ఒత్తు కనబడింది, దాంతోపాటు దాచిన మూడో వరస తలకట్లు కూడా తొంగిచూశాయి. మేం తెరిచిన పేజీల్లో ఎక్కడా ఈ సంగతి లేదు. ప్యాడింగ్ తీసేసి లైన్-హైట్ 1.7 చేశాం. ఫోన్‌లో "చెక్క" నిండుగా వచ్చింది.