సీజన్ టికెట్ కొనేముందు జాగ్రత్త: ముందు డిఫెన్స్ చూసుకోండి

మన ఫుట్‌బాల్ జట్టు సీజన్ టికెట్లు మళ్లీ అమ్మకానికి వచ్చాయి. కొందామనుకుంటున్న వాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి.

పోయిన సీజన్ మొత్తానికి నేను ముందే డబ్బు కట్టేశాను. గోల్స్ వేసే కొత్త స్ట్రైకర్ వస్తున్నాడని తెలియగానే ఇంకేమీ ఆలోచించలేదు. క్లబ్ ప్రచార వీడియోలో మనవాళ్లు వేసిన గోల్సే ఉన్నాయి, సమర్పించుకున్నది ఒక్కటీ లేదు. అది నాకు డబ్బు కట్టాక గానీ తట్టలేదు. డిఫెన్స్ మధ్యలో నిలబడే పాత సెంటర్ బ్యాక్‌ను అమ్మేసి, అతని స్థానంలో ఎవరినీ తేలేదన్న సంగతి కూడా అప్పుడే పట్టించుకోవాల్సింది.

నా సీటు గోల్‌పోస్ట్ వెనకే. అవతలి జట్టుకు కార్నర్, అంటే మైదానం మూల నుంచి కొట్టే కిక్, దొరికిందంటే చాలు, మా వరుసంతా టెన్షన్. మనవాళ్లు ఆడేది జోనల్ మార్కింగ్, అంటే మనిషిని కాకుండా చోటును కాపలా కాస్తారు. పద్ధతిలో తప్పు లేదు, చాలా మంచి జట్లు అలాగే ఆడతాయి. కానీ నిలబడ్డ చోటే ఎగిరేవాడి కన్నా పరుగెత్తుకొచ్చి ఎగిరేవాడు ఎక్కువ ఎత్తు అందుకుంటాడు. అందుకే ఆ పరుగుకు అడ్డుపడేందుకు ఇద్దరు ముగ్గుర్ని పెట్టాలి. మనకు ఆ పని చేసేవాడే లేడు. అందరూ దగ్గరి పోస్ట్ వైపు గుమిగూడతారు, కీపర్ రెండడుగులు ముందుకేసి ఆగిపోతాడు, బంతి అందరి తలల మీదుగా దూరపు పోస్ట్ దగ్గరికి వెళ్తుంది. అక్కడ అవతలివాడు ఒంటరిగా ఉంటాడు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు. అందులో సగాన్ని ప్రతిసారీ ఖాళీగా వదిలేస్తే ఎలా? ఒకే రకం గోల్ మళ్లీ మళ్లీ పడుతుంటే నా పక్క సీటు పెద్దాయన కార్నర్ అనగానే తల దించుకుని కూర్చునేవాడు.

ఇక ఆఫ్‌సైడ్ సంగతి. పాస్ కొట్టే క్షణానికి అవతలివాడు బంతినీ, కీపర్ కాక మన చివరి డిఫెండర్‌నూ దాటి ముందుంటే ఆఫ్‌సైడ్, అతను ఆ బంతి ఆడకూడదు. డిఫెన్స్ లైన్‌ను బాగా ముందుకు తెచ్చి ఆడాలంటే నలుగురూ ఒక్కసారే కదలాలి. ముగ్గురు ముందుకొచ్చి ఒక్కడు మీటరు వెనక ఉండిపోయినా అవతలి స్ట్రైకర్ ఆన్‌సైడే. మన రైట్ బ్యాక్ ప్రతిసారీ ఆ ఒక్కడవుతాడు. మిగతావాళ్లు ఆఫ్‌సైడ్ అని చెయ్యెత్తి లైన్స్‌మన్ వైపు చూస్తారు. ఆ రెండు క్షణాలు వెనక్కి పరుగెత్తినా కొన్ని గోల్స్ ఆగేవి. ఒళ్లు మండేది సరిగ్గా అక్కడే.

అవతలివాళ్లు కొట్టిన బంతి గోల్ పక్కనుంచి బయటికి పోతే మనవాళ్లు కొట్టేది గోల్ కిక్. ఆ బంతిని గోల్ ముందుండే పెనాల్టీ బాక్స్‌లోనే సొంత ఆటగాడు అందుకోవచ్చని 2019లో నిబంధన మార్చారు. అప్పటినుంచి చాలా జట్లు కీపర్ దగ్గర్నుంచే చిన్న పాస్‌లతో ఆట మొదలుపెడుతున్నాయి. ఒత్తిడిలోనూ బంతి నిలుపుకోగలవాళ్లకు అది బాగుంటుంది. మనవాళ్లు మాత్రం సొంత బాక్స్ ముందే బంతి పోగొట్టుకుంటున్నారు.

తప్పంతా డిఫెండర్లదే అనను. బంతి పోయాక మిడ్‌ఫీల్డర్లు నడుచుకుంటూ వెనక్కొస్తారు. సెంటర్ బ్యాక్ జోడీ రెండు మ్యాచ్‌లకోసారి మారుతుంటే వాళ్ల మధ్య మాట కూడా కుదరదు.

గోల్స్ వేస్తే చాలదా అని అడిగేవాళ్లకు రెండు లెక్కలు చెబుతాను. 1993-94లో ఇటలీ జట్టు ఏసీ మిలాన్ 34 లీగ్ మ్యాచ్‌ల్లో వేసింది 36 గోల్సే, ఇచ్చింది 15. టైటిల్ వాళ్లదే. 2013-14లో ఇంగ్లండ్ జట్టు లివర్‌పూల్ 101 గోల్స్ వేసింది, 50 ఇచ్చింది. 2 పాయింట్ల తేడాతో టైటిల్ పోయింది. 101 గోల్స్ వేసిన జట్టుకే అలా జరిగితే, కొత్త స్ట్రైకర్ ఒక్కడు మనల్ని గట్టెక్కిస్తాడా? చిల్లు కుండలో ఎన్ని నీళ్లు పోసినా నిలవవు కదా.

సగం సీజన్ అయ్యాక మిగతా డబ్బు వెనక్కి అడిగాను. అమ్మిన టికెట్‌కు వాపసు లేదని నిబంధనల్లో రాసే ఉందట. వేరేవాళ్లకు అమ్ముదామని చూశాను, ఓడిపోతున్న జట్టు టికెట్ ఎవరూ తీసుకోలేదు. నిబంధనలు చదవకుండా కట్టడం నా తప్పే, మీరు మాత్రం చదవండి.

తొందరపడి మొత్తం కట్టకండి. ముందు ఒక్క మ్యాచ్‌కు టికెట్ కొనుక్కోండి. అక్కడ బంతిని వదిలేసి ఒక పావుగంట డిఫెండర్లనే చూడండి. లైన్ కలిసి కదులుతోందా, కార్నర్‌లో దూరపు పోస్ట్ దగ్గర ఎవరున్నారు, బంతి పోతే ఎవరు పరుగెత్తుతున్నారు? హైలైట్స్‌లో ఇవి కనిపించవు. ఆటగాళ్ల కొనుగోళ్ల గడువు ముగిసేలోగా సెంటర్ బ్యాక్‌ను తెచ్చారో లేదో కూడా చూసుకోండి.

నేనీసారి రెన్యువల్ చేయలేదు. చిన్నప్పటినుంచీ ప్రాణంగా చూసిన జట్టు ఇది, ఆ ఫారం పక్కన పెట్టడానికి మనసొప్పక రెండు రోజులు పట్టింది. తొలి మ్యాచ్‌కు మాత్రం వెళ్తున్నాను, ఒక్క టికెట్‌తో, అదే గోల్‌పోస్ట్ వెనక. మొదటి కార్నర్‌కు దూరపు పోస్ట్ దగ్గర మనవాడొకడు కనిపిస్తే వచ్చి ఇక్కడే చెబుతాను.