హెడ్ హంటర్స్: పాట లేదు, గిటార్ లేదు, అయినా వదలబుద్ధి కాదు

జాజ్‌లోకి ఫంక్ అనే నాట్యపు లయని కలిపిన జాజ్-ఫంక్ ఎక్కడ మొదలుపెట్టాలి అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది అమెరికన్ జాజ్ పియానిస్టు హెర్బీ హాంకాక్ 1973లో తెచ్చిన 'హెడ్ హంటర్స్' ఆల్బమే. నాలుగే ట్రాకులు, పాడేవాళ్ళు లేరు, మొత్తం నలభై నిమిషాల పైచిలుకు.

నాకు కదలని వస్తువులని గీసే స్టిల్ లైఫ్ బొమ్మలంటే ఇష్టం. ఇటలీలో బొలోనియాలో ఉండిన జార్జో మొరాందీ అవే సీసాలు, అవే గిన్నెలు కాస్త అటూ ఇటూ జరుపుకుంటూ ఏళ్ళ తరబడి గీశాడు, చూసేకొద్దీ మనకి ఇంకా ఏదో కనిపిస్తూనే ఉంటుంది. ఈ ఆల్బమ్‌ని ఆ బొమ్మలు చూసి చేశారని కాదు. కానీ వింటుంటే నాకు కలిగే సుఖం సరిగ్గా అదే.

'కమీలియన్' తీసుకోండి. పదిహేను నిమిషాల ట్రాక్. ఏఆర్‌పీ ఒడిసీ అనే సింథసైజర్ మీద హాంకాక్ ఒక చిన్న బేస్ వరస మొదలుపెడతాడు, అది అలా తిరుగుతూనే ఉంటుంది, దాని మీదికి హార్వీ మేసన్ డ్రమ్స్, పాల్ జాక్సన్ బేస్ గిటార్, తర్వాత బెన్నీ మాపిన్ శాక్సోఫోన్ ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి, ఎవరికీ తొందర లేదు. చాలాసేపు రెండే కార్డ్స్, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు. అయినా బోర్ కొట్టదు, ఎందుకంటే ప్రతి చుట్టులో ఎవరో ఒకరు చిన్న మార్పు చేస్తుంటారు. మధ్యలో కటకటమని వినిపించేది గిటార్ అనుకుంటారు చాలామంది, నిజానికి ఈ ఆల్బమ్‌లో బేస్ తప్ప వేరే గిటారే లేదు, అది హాంకాక్ వాయించిన క్లావినెట్ అనే ఎలక్ట్రిక్ కీబోర్డు.

ఇక 'వాటర్‌మెలన్ మ్యాన్'. చిన్నప్పుడు షికాగో సందుల్లో పుచ్చకాయల బండి రాళ్ళబాట మీద వెళ్తుంటే వచ్చే చప్పుడు గుర్తుపెట్టుకుని హాంకాక్ 1962లో తన మొదటి ఆల్బమ్ కోసం చేసిన ట్యూన్ ఇది. ఇక్కడ మొత్తం మార్చేశారు. మొదట్లో బిల్ సమ్మర్స్ బీరు సీసాలోకి ఊదుతూ, మధ్యమధ్యలో గొంతు కలుపుతూ ఒక లయ కడతాడు. అది మధ్య ఆఫ్రికాలోని బా-బెంజెలే జనం ఊదే పద్ధతి నుంచి తీసుకున్నది. నచ్చితే వాళ్ళ అసలు సంగీతం కూడా వెతికి వినండి, దయచేసి, అది దీనికి ఏ మాత్రం తీసిపోదు.

ఫంక్ గాయకుడు స్లై స్టోన్ మీద అభిమానంతో చేసిన 'స్లై' మాత్రం నాకు కొంచెం ఎక్కువైంది. వేగం పెరిగాక అందరూ ఒకేసారి మీద పడతారు, ఆ వాయించే సత్తాకి దండం పెట్టాల్సిందే గానీ మొదటి రెండు ట్రాకుల్లో ఉన్న ఖాళీ ఇక్కడ లేదు. చివరి 'వీన్ మెల్టర్' నిదానం, రాత్రిపూటకి బాగుంటుంది. మంద్రంగా మోగే బేస్ క్లారినెట్ కోసం వినండి.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు. దీనికి ప్రాణమంతా బేస్‌లోనే ఉంది, అందులో సగం కూడా వినిపించదు. మంచి ఇయర్‌ఫోన్స్ ఉంటే చాలు. 'కమీలియన్'కి కుదించిన సింగిల్ కూడా ఉంది, దాని జోలికి పోకుండా పూర్తి నిడివిదే పెట్టుకోండి. జాజ్ అంటే భయపడేవాళ్ళు ముందు 'వాటర్‌మెలన్ మ్యాన్' వినండి, ఆరున్నర నిమిషాలే.