మిషన్ కాలేజీలో పర్యావరణ కోర్సు: చేరాలా వద్దా అనుకునేవాళ్లకి

డిగ్రీ చదివినవాళ్లంతా పర్యావరణం పేపర్ రాసే ఉంటారు. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లో చెప్పబట్టి అది కాలేజీల్లోకి వచ్చింది, కానీ చాలాచోట్ల పరీక్ష ముందు రోజు గైడ్ కొని గట్టెక్కే పేపరే అది. అందుకే శ్రీకాకుళం వైపు ఒక చిన్న మిషన్ కాలేజీలో డిగ్రీతో పాటు నేను చేసిన పర్యావరణ సంరక్షణ సర్టిఫికెట్ కోర్సు గురించి రాయాలనిపించింది. లోపాలు కూడా రాస్తున్నాను కాబట్టి కాలేజీ పేరు పెట్టడం లేదు.

ముందు అందరూ అడిగేది చెప్పేస్తాను. మాది క్రైస్తవ కుటుంబం కాదు, చేరేటప్పుడు ఇంట్లో టెన్షన్ పడ్డారు. మతం మారమని నన్నెవరూ అనలేదు, ప్రార్థనకి వెళ్లడం మన ఇష్టం. అయితే పాఠంలో బైబిల్ ఉంటుంది, అది తీసేస్తే ఈ కోర్సే లేదు. ఏదెను తోటని సేద్యం చేయడానికీ కాయడానికీ దేవుడు మనిషిని అందులో పెట్టాడని ఆదికాండం రెండో అధ్యాయంలో ఉంది కదా, అక్కడ మొదలుపెడతారు. నేల మనది కాదు, మనం కాపలావాళ్లం, లెక్క చెప్పాల్సినవాళ్లం అన్నది వాళ్ల నమ్మకం.

నాకు బాగా నచ్చిన క్లాసు లేవీయకాండం 25వ అధ్యాయం మీద జరిగింది. ఏడో ఏట పొలానికి విశ్రాంతి ఇవ్వాలి, విత్తకూడదు అని అందులో ఉంది. క్లాసులో చాలామందిమి రైతుల పిల్లలమే. ఎకరం కౌలుకి చేసుకునేవాడు ఏడాది బీడు పెడితే కౌలు ఎవరు కడతారని ఒకబ్బాయి లేచి గట్టిగానే అడిగాడు. మాస్టారు కోప్పడలేదు. ఆ ఏడాది దానంతటది పండింది కూలివాళ్లకీ పరదేశులకీ పశువులకీ కూడా ఆహారమని అదే అధ్యాయంలో ఉన్న మాట చూపించి, ఈ భారం ఒక్క కౌలుదారు మీద వేయమని ఇందులో లేదన్నారు, మరి మన పొలాల్లో నేలకి ఏం తిరిగి ఇవ్వొచ్చో మీరే చెప్పండన్నారు. మాట అక్కణ్ణించి జీలుగ మీదికి వెళ్లింది. ఊడుపులకి ముందు జీలుగ చల్లి పూతకొచ్చే వేళకి కలియదున్నితే, దాని వేళ్ల బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోంచి పట్టిన నత్రజని నేలకి అందుతుంది, ఆ మేరకు యూరియా తగ్గించుకోవచ్చు. మా నాన్న ఎప్పట్నుంచో చేసే పని పాఠమై కనిపించేసరికి ఎంత గర్వంగా అనిపించిందో!

బయటికి కూడా తీసుకెళ్తారు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులూ, పెయింటెడ్ స్టార్క్ కొంగలూ సైబీరియా నుంచి వస్తాయని చిన్నప్పట్నుంచీ వింటున్నాం. ఆ రెండు జాతులూ మన దేశంలోనే గూళ్లు కట్టుకుని పిల్లల్ని చేసేవని ఈ కోర్సులోనే తెలిసింది. అవి వస్తే ఊరికి మంచిదని అక్కడివాళ్లు వాటి జోలికి పోరు, సంరక్షణ అంటే నాకు ఆ ఊరే గుర్తొస్తుంది. సోంపేట బీల భూములకీ వెళ్లాం. 2010 జూలైలో థర్మల్ కేంద్రం వద్దని పోరాడినప్పుడు కాల్పుల్లో మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నది ఆ చిత్తడి నేల కోసమే. అక్కడ నిలబడి వింటుంటే చాలామంది ఏడ్చాం. జిల్లాలో ప్రతి కాలేజీ పిల్లల్ని అక్కడికి ఒక్కసారైనా తీసుకెళ్లాలి.

ఇక లోపాలు. ల్యాబ్ పేరుకే ఉంది, నీళ్ల పరీక్షకి సరైన కిట్లు లేవు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఇన్ని ఇళ్లు నలిగిపోతున్న జిల్లాలో నీటి పరీక్ష చేతికి నేర్పకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. నోట్సు ఇంగ్లీషులోనే ఇస్తారు, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఇబ్బంది పడ్డారు. బస్సు ఖర్చు ఫీజులో కలవదు, విడిగా వసూలు చేస్తారు. ఉద్యోగం గురించి పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

అయినా చేరమనే చెప్తాను, ముఖ్యంగా పొలం ఉన్న ఇళ్ల పిల్లలకి. చేరే ముందు మాత్రం రెండు అడగండి: ఈ ఏడాది పాఠం ఎవరు చెప్తున్నారు, తేలినీలాపురం ఎప్పుడు తీసుకెళ్తారు. పక్షులుండేది శీతాకాలంలో, ఏప్రిల్లో వెళ్తే ఖాళీ చెట్లే చూసి రావాలి.