చెక్క కాటేజీకి సన్న ఫ్రేమా, లావు దూలాలా, పఫ్ ప్యానెళ్ళా? నిప్పు విషయంలో ఏది మేలు?

విశాఖ చుట్టుపక్కల, మధురవాడ నుంచి భీమిలి దాకా, అటు ఆనందపురం వరకూ కాస్త స్థలం ఉన్నవాళ్ళంతా ఇప్పుడు చెక్క కాటేజీ గురించే అడుగుతున్నారు. కొందరికి మేడ మీద గది కావాలి, కొందరికి తోటలో చిన్న ఇల్లు. సైటు పనులు చూసేవాణ్ణి కాబట్టి ప్రశ్న తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుంది: "చెక్కతో కడితే కాలిపోదా? అదే ఇనుప ఫ్రేముకి ప్యానెళ్ళు బిగిస్తే ఆ టెన్షన్ ఉండదు కదా?" పోయిన సంక్రాంతికి మా బావగారు కూడా ఇదే అడిగారు. ఆనందపురం దగ్గర ఆయనకి చిన్న తోట ఉంది. ఆయన కోసం ఆలోచించినదే ఇక్కడ రాస్తున్నాను. ధర, చెదలు, వాన, హుద్‌హుద్ లాంటి గాలి వస్తే ఏమవుతుందన్న భయం మీకు తెలిసినవే. నేను నిప్పు సంగతి ఒక్కటే చూస్తాను.

సన్న ఫ్రేము అంటే నాలుగు బై రెండు అంగుళాల పైన్ చెక్కలు వరసగా నిలబెట్టి, రెండు వైపులా ప్లైవుడ్ కొట్టడం. కాటేజీ అని చెప్పి ఎక్కువగా అమ్మేది ఇదే. లావు దూలాలంటే పాత పద్ధతి: ఆరంగుళాల స్తంభాలు, వాటి మీద దూలాలు, మధ్యలో ఇటుక గోడ. మూడోది ఇనుప ఫ్రేముకి పఫ్ ప్యానెళ్ళు, అంటే రెండు రేకుల నడుమ నురగ నింపిన పలకలు. కంటెయినర్ గదుల గురించి కూడా అడుగుతున్నారు. వాటిలో లోపల అతికించే లైనింగు ఏమిటన్నదే ముఖ్యం, కాబట్టి పఫ్ గురించి చెప్పబోయేదే వాటికీ వర్తిస్తుంది. మొత్తం ఇటుక, స్లాబుతో కట్టుకునేవాళ్ళకి ఈ పోలికతో పనిలేదు. నిప్పు విషయంలో అన్నిటికన్నా నిశ్చింత అదే.

చెక్క కాలుతుంది, ఇనుము కాలదు. మాట నిజమే కానీ అది సగం మాటే. చెక్కకి మంట తగిలితే పైపొర బొగ్గవుతుంది, ఆ బొగ్గే లోపలి చెక్కకి వేడి తొందరగా చేరకుండా అడ్డుపడుతుంది. మెత్తటి చెక్క నిమిషానికి దాదాపు 0.65 మిల్లీమీటర్ల చొప్పున బొగ్గవుతుందని యూరప్ నిర్మాణ కోడ్‌లో లెక్క. గట్టి, బరువైన కలపకి అది 0.5 దాకా తగ్గుతుంది. 150 మిల్లీమీటర్ల గుగ్గిలం కలప స్తంభం అరగంట కాలినా ఒక్కో వైపు 15 మిల్లీమీటర్లు పోయి, నడుమ 120 మిల్లీమీటర్ల చెక్క మిగిలి ఉంటుంది. మనుషులు బయటపడడానికి అది చాలా సమయం. నాలుగు బై రెండుగా అమ్మే చెక్క చిత్రిక పట్టాక మందం 38 మిల్లీమీటర్లే ఉంటుంది. రెండు వైపుల నుంచీ మంట తగిలితే పావుగంటలో సగం బొగ్గు. ఇక ఇనుము 600 డిగ్రీల దగ్గర తన బలంలో సగానికి పైగా కోల్పోతుంది. గది నిండా మంట అంటుకుంటే ఆ వేడి దాటడానికి ఎంతో సేపు పట్టదు. పల్చటి ఇనుప సెక్షన్ ఇంకా తొందరగా కాగి, వంగి, కూలిపోతుంది.

ఇంతవరకూ లావు చెక్కదే పైచేయి. అయితే నా దృష్టిలో తీర్పు చెప్పేది బొగ్గు లెక్క కాదు, గోడ లోపల ఉండే ఖాళీ.

కొన్నేళ్ళ క్రితం రుషికొండ వైపు ఒక కాటేజీ పనిలో కళ్ళారా చూశాను. సన్న ఫ్రేము లేచింది, ఒక వైపు ప్లై కొట్టేశారు, రెండో వైపు సగం దాకా వచ్చింది. వరండా రెయిలింగుకి వెల్డింగు చేస్తున్నారు. పన్నెండున్నరకి పని ఆపి భోజనానికి వెళ్ళారు. సముద్రం గాలి బాగా తిరిగింది. ఒంటిగంట దాటాక వాసన తగిలింది. పొగ మాత్రం ఎక్కడా కనబడలేదు. గోడ మీద చెయ్యి పెడితే ఒక చోట వేడిగా ఉంది. ప్లై ఊడబీకితే, అడుగున చేరిన రంపపు పొట్టులో పడ్డ నిప్పురవ్వ రాజుకుని, రెండు చెక్కల నడుమ గొట్టంలో పాకినట్టు పైకి పాకుతోంది. అటు చూరు దాకా ఎక్కడా అడ్డు లేదు. నాలుగు బకెట్ల నీళ్ళతో ఆగింది. ఇంకో అరగంట ఆలస్యమైతే చూరు అంటుకునేదే. ఆ పొద్దున్నే మేస్త్రిని అడిగాను, ఇలా ఖాళీగా వదిలేశారేమిటని. "ఏటీ అవదు బాబూ, ఇది మెరైన్ ప్లై" అన్నాడు. ఈ పొరపాటు చాలామందిలో ఉంది. మెరైన్ ప్లై, అంటే ఐఎస్ 710, నీటికి తట్టుకునేది. నిప్పు కోసం చేసే ప్లైకి వేరే నంబరు ఉంది, ఐఎస్ 5509. షాపులో ఆ నంబరు చెప్పి అడగండి, షీటు మీద ముద్ర చూడండి.

ఇలా గోడలో దాక్కున్న నిప్పు ఎంత పని చేయగలదో అమెరికాలో ఎడ్జ్‌వాటర్ అనే ఊళ్ళో కనబడింది. అక్కడి చెక్క ఫ్రేము అపార్టుమెంట్లో 2015 జనవరిలో నీటి పైపు లీకు బాగుచెయ్యడానికి పనివాళ్ళు టార్చి వాడారు. మంట గోడలోకి వెళ్ళింది. ముందు తామే ఆర్పాలని చూశారు, ఫైరింజనుకి ఫోన్ ఆలస్యమైంది. భవనంలో స్ప్రింక్లర్లు ఉన్నాయి. కానీ అవి నీళ్ళు చల్లేది గదుల్లో, మంట పాకింది గోడల వెనకా, అటకలోనూ. 408 ఇళ్ళలో 240 పోయాయి. 2000 ఆగస్టులో అదే స్థలంలో అదే సముదాయం, కడుతుండగానే ఒకసారి కాలిపోయింది. ఒకటి గోడ వెనక మంట, ఒకటి కట్టేటప్పటి మంట. చెక్క ఫ్రేముకి ఉన్న రెండు గండాలూ ఒకే చోట.

దీనికి విరుగుడు మన ఉత్తరాంధ్రలో మనుషులు ఏనాడో కనిపెట్టారు. మా అమ్మమ్మగారిది చీపురుపల్లి దగ్గర పల్లె. తాటాకు కప్పు కింద వెదురుబద్దలు పరిచి, దాని మీద మందంగా మట్టి మెత్తిన అటక ఉండేది. ఎండాకాలంలో పూరిళ్ళు అంటుకుంటే కప్పు పోయేది కానీ, మట్టి అటక కింద ధాన్యం, పెట్టెలు దక్కేవని ఆవిడ చెప్పేవారు. ఇప్పుడు జిప్సం బోర్డు చేసేదీ ఇదే. జిప్సం బరువులో దాదాపు అయిదో వంతు నీరే. ఆ నీరంతా ఆవిరయ్యేదాకా బోర్డు వెనక వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. అందుకని సన్న ఫ్రేమే కావాలనుకునేవాళ్ళకి నా షరతులు ఇవి. లోపలి వైపు ప్లై బదులు జిప్సం బోర్డు రెండు పొరలు వెయ్యాలి. ఫ్రేములో ప్రతి అంతస్తు దగ్గరా, కప్పు కలిసే చోటా అడ్డచెక్కలు బిగించి ఖాళీ మూసెయ్యాలి. నడుమ రాక్‌వూల్, అంటే కాలని రాతి నార, నింపాలి. థర్మకోల్ వద్దు, అది 100 డిగ్రీలకే కరిగిపోతుంది. ఏసీ పైపు కోసం, స్విచ్ బాక్సు కోసం కొట్టిన ప్రతి కన్నమూ మళ్ళీ పూడ్చాలి. ఇవన్నీ చేస్తే సన్న ఫ్రేము కూడా మంచిదే. కానీ బోర్డు వేశాక ఇవేవీ కంటికి కనబడవు. అందుకే నాకు గుబులు.

పఫ్ ప్యానెళ్ళ వైపు జనం మొగ్గడానికి కారణం పైనున్న రేకు. లోపల ఉన్నది పాలీయురేథేన్ నురగ. అది అంటుకుంటే కార్బన్ మోనాక్సైడుతో పాటు హైడ్రోజన్ సైనైడ్ కూడా వస్తుంది. మనిషి మంట కన్నా ముందు ఆ పొగకే పడిపోతాడు. పైగా రేకు అడ్డం ఉండబట్టి ఫైరింజను నీళ్ళు లోపలి నురగకి చేరవు. లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ కాంక్రీటు భవనమే. బయట తొడిగిన అల్యూమినియం ప్యానెళ్ళ నడుమ ఉన్న పాలిథిలీన్ ప్లాస్టిక్ వల్ల మంట పాకి 2017 జూన్‌లో 72 మంది పోయారు. ఆ ప్యానెల్ వేరు, ఈ ప్యానెల్ వేరు. రేకుని చూసి లోపలిది మరిచిపోవడం మాత్రం ఒకటే. ప్యానెలే కావాలంటే రాక్‌వూల్ నింపినది అడగండి. బరువెక్కువ, ధర ఎక్కువ, కానీ లోపల కాలేది ఉండదు. మేడ మీద గదికైతే నేను ఇదే చెప్తాను, ఎందుకంటే అక్కడ లావు దూలాల బరువు కింది స్లాబు మోస్తుందో లేదో చూసుకోవాలి.

ఇక కట్టే రోజులు. చెక్క ఇల్లు అన్నిటికన్నా ప్రమాదంలో ఉండేది అది పూర్తి కాకముందే. బోర్డు ఉండదు, చెక్క బయటికే ఉంటుంది, చుట్టూ చెక్క ముక్కలు, పొట్టు, థిన్నర్ డబ్బాలు. కరెంటు ఎక్కడినుంచో లాగిన వైరు, దాని మీద టేపు చుట్టిన జాయింట్లు. పనివాళ్ళు సైట్లోనే పడుకుంటారు, మూడు ఇటుకలు పెట్టి ఆ చెక్క ముక్కలతోనే వండుకుంటారు. వాళ్ళ తప్పు కాదు. వండుకోవడానికి వాళ్ళకి వేరే చోటు చూపించాల్సింది ఓనరే, ఒక గ్యాస్ స్టవ్వు ఇచ్చి దూరంగా రేకు షెడ్డు వేయించాల్సిందీ ఓనరే. 2023 నవంబరు 19 రాత్రి మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో దాదాపు నలభై పడవలు కాలిపోయాయి. పడవకీ పడవకీ సందు లేకుండా కట్టి ఉండడం, వాటిలో డీజిలు, వంట గ్యాసు సిలిండర్లు ఉండడం మంటకి కలిసొచ్చాయి. సైట్లో కలపంతా ఒకే గుట్టగా పోసి, పక్కనే థిన్నర్ పెట్టినప్పుడు నాకు అదే గుర్తొస్తుంది.

వెల్డింగు రవ్వలు ఎగిరే దూరానికి అమెరికా నిబంధనల్లో 35 అడుగుల లెక్క ఉంది. ఆ మేరకి కాలేది ఏదీ ఉండకూడదు, లేకపోతే కప్పి ఉంచాలి. పని ఆపాక కనీసం గంటసేపు ఒక మనిషి అక్కడే కాపలా ఉండాలి. మునుపు అరగంటే ఉండేది, 2019లో గంట చేశారు. రుషికొండలో నేను చూసింది కూడా అరగంట దాటాకే కదా. అవిసె నూనె పాలిష్ తుడిచిన గుడ్డలు కుప్పగా వదిలితే ఏ నిప్పూ లేకుండానే వేడెక్కి అంటుకుంటాయి. వాటిని ఆరుబయట విడివిడిగా ఆరెయ్యాలి, లేదా నీళ్ళ బకెట్లో ముంచి ఉంచాలి.

కట్టే ఈ మూడు నాలుగు వారాల్లో సన్న ఫ్రేముకి ఉన్నంత గండం లావు దూలాలకి లేదు. పెద్ద దూలం ఒక్క రవ్వకి అంటుకోదు. చుట్టూ సన్న చెక్క, పొట్టు ఉంటేనే దానికి ఊపు దొరుకుతుంది. సందుల్లో ఇటుక వచ్చేస్తే దాక్కోవడానికి నిప్పుకి చోటే ఉండదు.

బావగారు చివరికి లావు దూలాలకే ఒప్పుకున్నారు. విజయనగరం వైపు ఒక పాత మండువా ఇల్లు విప్పుతుంటే గుగ్గిలం స్తంభాలు ఎనిమిది దొరికాయి. గోడలు ఇటుక, కప్పు పెంకు. వైరింగు గోడ మీదే పైపుల్లో, ఎక్కడ ఏముందో కనబడేలా. అది అందంగా లేదని అక్క ఇంకా సణుగుతోంది, ఫాల్స్ సీలింగైనా వేయించమంటోంది. పెంకు కింద వాసాలు కనబడితేనే ఏ మూల పొగ వచ్చినా తెలుస్తుందని చెప్పాను, ఇంకా ఒప్పుకోలేదు. గేటు, కిటికీ గ్రిల్లులు, వరండా రెయిలింగు వెల్డింగంతా ఈ నెలలోనే అయిపోతుంది. కలప లారీ ఆ తరవాతే వస్తుంది.