రెండుసార్లు హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్నాక: సర్జన్‌ని ఎంచుకోవడం గురించి నా అనుభవం

2019లో తిరుమలలో తలనీలాలు ఇచ్చాను. కల్యాణకట్ట నుంచి బయటికి రాగానే అమ్మ నా తల వెనక తడిమి, "ఇవేంట్రా, ఈ తెల్ల చుక్కలు?" అంది. రెండేళ్ల ముందు హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌లో చేయించుకున్న ట్రాన్స్‌ప్లాంట్ మచ్చలవి. ఒక పక్క చెదురుగా, ఇంకో పక్క ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయట. అమ్మ ఫోన్లో ఫొటో తీసి చూపిస్తే నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు నాకు 26. పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, ఆ టెన్షన్‌లో ఉన్నాను. ఎన్ని గ్రాఫ్టులైనా (తల వెనక నుంచి తీసి ముందు నాటే వెంట్రుకల కుదుళ్లు) ఒకటే రేటు అన్నారు, ఈఎంఐ కూడా ఇచ్చారు. జుట్టు ఎక్కడ మొదలవ్వాలో నుదుటి మీద గీత గీసింది కౌన్సెలర్. డాక్టరు ఐదు నిమిషాలు కనిపించి వెళ్లారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీసిందీ, నాటిందీ ఇద్దరు కుర్రాళ్లు. వాళ్లేం చదివారని నేను అడగలేదు. డాక్టరు డిగ్రీ కూడా అడగలేదు.

వెనక జుట్టు మన బ్యాంకు ఖాతా లాంటిది. గ్రాఫ్టు తీసిన చోట మళ్లీ జుట్టు మొలవదు. చాలామందికి జీవితం మొత్తంలో తీయగలిగేది సుమారు ఐదారు వేలే. నా దగ్గర ఒక్క రోజులో 3,500 తీశామన్నారు. అవి నుదుటి మీద మరీ కిందికి, స్కేలు పెట్టినట్టు నాటారు. బట్టతల ఇంకా పెరుగుతుందని, మందులు వాడాలని ఎవరూ చెప్పలేదు. నాటినవి నిలిచాయి, వాటి వెనకున్న నా సొంత జుట్టు రాలిపోయింది. ముందు ఒక గట్టు, మధ్యలో ఖాళీ.

రెండోసారి డాక్టర్ని వెతకడానికే ఏడాదికి పైగా పట్టింది. మొదట చూసింది డిగ్రీ. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్, లేదా చర్మవ్యాధుల్లో ఎండీ, డీఎన్‌బీ లాంటి స్పెషలిస్ట్ డిగ్రీ ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబరు అడిగి తీసుకుని మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో నేనే సరిచూసుకున్నాను. ఒకచోట నంబరు అడగ్గానే మాట మార్చారు, లేచి వచ్చేశాను. ట్రైకాలజిస్ట్ (జుట్టు నిపుణుడు) అన్న బోర్డు చూసి ఎంబీబీఎస్ డాక్టరని అనుకోకూడదని కూడా అప్పుడే తెలిసింది. వర్క్‌షాపులో, యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నది ఈ సర్జరీకి తగిన శిక్షణ కాదని దేశంలో వైద్య వృత్తిని నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ ఆ తర్వాత 2022లో స్పష్టంగా చెప్పింది. కాన్పూర్‌లో ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత ఇద్దరు ఇంజినీర్లు చనిపోయారని 2025లో చదివినప్పుడు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇందులో మత్తు సూదులుంటాయి, ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది. దీన్ని సెలూన్ పనిలా చూడకండి.

అయితే డిగ్రీ ఉన్నంత మాత్రాన సరిపోదు. డిగ్రీ ఉన్న ముగ్గుర్ని కలిశాను. ఇద్దరు అదే నెలలో డేట్ ఇస్తామన్నారు. మూడో ఆయన భూతద్దం లాంటి పరికరంతో వెనకంతా చూసి, ఎంత మిగిలిందో లెక్కగట్టి, "ఇప్పుడు చెయ్యను. ఏడాది మందులు వాడి రండి" అన్నారు. జుట్టు రాలడాన్ని తగ్గించే ఫినాస్టెరైడ్, మినాక్సిడిల్ రాసిచ్చారు, సైడ్ ఎఫెక్ట్స్ ముందే వివరించారు. నా నమ్మకం అక్కడ కుదిరింది. మత్తు సూది ఎవరు వేస్తారు, గ్రాఫ్టులు ఎవరు తీస్తారు, నాటే రంధ్రాలు ఎవరు పెడతారు అని అడిగితే మూడూ తానేనని కాగితం మీద రాసిచ్చారు. టెక్నీషియన్లు నాటడంలో సాయం చేస్తారని దాచకుండా చెప్పారు.

2021లో 1,100 గ్రాఫ్టులు పెట్టారు. వెనక నుంచి చాలవని కొన్ని గడ్డం కింద నుంచి తీశారు. మూడు వారాలకు నాటిన వెంట్రుకలు రాలిపోయాయి, ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. నాలుగో నెలలో మొలకలు కనిపించాయి, ఏడాదికి ఒక రూపం వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ముందు భాగం సహజంగానే ఉంది. నడినెత్తి మాత్రం పలచనే, అది నిండదని ఆయన మొదటి రోజే చెప్పారు. మందులు ఆపలేదు. వెనక చుక్కలు అలాగే ఉన్నాయి, అందుకే జుట్టు మరీ పొట్టిగా కత్తిరించుకోలేను. ఖర్చు గ్రాఫ్టు లెక్కన చూస్తే మొదటిదానికి మూడింతల పైనే అయింది.

మొన్న మా పిన్ని కొడుకుని ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. వాడికి 23, మొదటి క్లినిక్ లాంటిచోట అడ్వాన్స్ కట్టబోతున్నాడు. డాక్టరు వాడి తల చూసి, వాళ్ల నాన్న, మేనమామల బట్టతల గురించి అడిగి, ఇంకా కొన్నేళ్లు ఆగమన్నారు. కన్సల్టేషన్ ఫీజు తప్ప ఒక్క రూపాయి తీసుకోలేదు. వాడు అడ్వాన్స్ కట్టలేదు.