క్లౌడ్‌లో లైఫ్‌రే క్లస్టర్: వాడి చూశాక

మా ఉద్యోగుల పోర్టల్‌ని ఒకే సర్వర్ నుంచి క్లౌడ్‌లో రెండు నోడ్‌ల క్లస్టర్‌కి, అంటే ఒకే పోర్టల్‌ని కలిసి నడిపే రెండు సర్వర్లకి (ఒక్కో సర్వర్ ఒక నోడ్) మార్చాం. సాఫ్ట్‌వేర్ లైఫ్‌రే, ఇలాంటి పోర్టళ్లు కట్టడానికి వాడేది. పే స్లిప్పులు, సెలవు దరఖాస్తులు అన్నీ అందులోనే, నెలాఖరులో అది ఆగితే అందరికీ టెన్షన్. క్లస్టర్‌కి లైఫ్‌రే మంచిదే అంటాను. కాకపోతే డిఫాల్ట్ సెట్టింగ్‌లతో క్లౌడ్‌లో పెట్టేయకండి.

నోడ్‌లను కలిపే క్లస్టర్ లింక్ ఆన్ చేయడానికి, లైఫ్‌రే సెట్టింగ్‌లుండే ప్రాపర్టీస్ ఫైల్‌లో ఒక్క లైను చాలు. అసలు పని ఆ తర్వాతే. నోడ్‌లు ఒకదాన్నొకటి వెతుక్కోవడానికి లైఫ్‌రే లోపల జేగ్రూప్స్ అనే లైబ్రరీ ఉంటుంది. అది డిఫాల్ట్‌గా మల్టీకాస్ట్ (ఒకే సందేశాన్ని నెట్‌వర్క్‌లో చాలామందికి ఒకేసారి పంపడం) మీద ఆధారపడుతుంది. చాలా క్లౌడ్ నెట్‌వర్కుల్లో మల్టీకాస్ట్ మామూలుగా నడవదు. అలాంటప్పుడు పోర్టల్ ఆగదు, ప్రతి నోడూ తానొక్కతే ఉన్నాననుకుని శుభ్రంగా లేస్తుంది. అదే ప్రమాదం! హెచ్‌ఆర్ వాళ్లు ఒక నోడ్‌లో ప్రకటన మారిస్తే, రెండో నోడ్ తన కాష్‌లో (తాత్కాలికంగా దాచుకున్న కాపీలో) ఉన్న పాతదే చూపిస్తూ ఉంటుంది.

అందుకే జేగ్రూప్స్‌ని మల్టీకాస్ట్ నుంచి, నోడ్‌లు నేరుగా మాట్లాడుకునే టీసీపీకి మార్చి, జేడీబీసీ పింగ్ అనే పద్ధతి పెట్టాం. నోడ్‌లు తమ చిరునామాలను డేటాబేస్ టేబుల్‌లో రాసుకుని ఒకదాన్నొకటి కనుక్కుంటాయి. డేటాబేస్ ఎలాగూ రెంటికీ ఉమ్మడే. కొత్త నోడ్ చేర్చినా ఐపీలు చేత్తో రాయక్కర్లేదు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. నోడ్‌ల మధ్య ఫైర్‌వాల్‌లో జేగ్రూప్స్ వాడే టీసీపీ పోర్టు తెరవాలి, సాధారణంగా 7800.

ఇంకా నచ్చింది, 'వెబ్ సర్వర్ డిస్‌ప్లే నోడ్' సెట్టింగ్. ఆన్ చేస్తే ఏ నోడ్ జవాబిచ్చిందో పేజీ అడుగునే కనిపిస్తుంది. లాగ్‌లో 'యాక్సెప్టెడ్ వ్యూ' లైనులో రెండు నోడ్‌ల పేర్లూ ఉంటే క్లస్టర్ కలిసినట్టే.

డాక్యుమెంట్లు డిఫాల్ట్‌గా అప్‌లోడ్ తీసుకున్న నోడ్ సొంత ఫోల్డర్‌లోకే వెళ్తాయి కాబట్టి ఉమ్మడి స్టోరేజీ తప్పనిసరి. సెర్చ్‌కి ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజిన్‌ని విడిగా పెట్టుకోండి, లైఫ్‌రేతో కలిసి వచ్చేది పరీక్షల వరకే.

ఐదుకి నాలుగు మార్కులిస్తాను. వచ్చేవాళ్లను నోడ్‌లకు పంచే లోడ్ బ్యాలెన్సర్‌లో స్టికీ సెషన్ (ఒక మనిషిని ఎప్పుడూ ఒకే నోడ్‌కి పంపడం) పెట్టినా, సెషన్ రెప్లికేషన్ (లాగిన్ వివరాలను రెండో నోడ్‌కీ కాపీ చేయడం) లేకపోతే నోడ్ పడిపోయినప్పుడు దాని మీద ఉన్నవాళ్లు మళ్లీ లాగిన్ అవ్వాలి, సగం నింపిన దరఖాస్తు పోతుంది. రెప్లికేషన్ ఏర్పాటు అప్లికేషన్ సర్వర్ వైపు విడిగా చేసుకోవాలి. మీ పోర్టల్‌లో పొడవాటి ఫారాలుంటే ఆ పని కూడా మొదటి ప్లాన్‌లోనే వేసుకోండి.