మారతహళ్లిలో ఒక ఎస్‌క్యూఎల్ తరగతి: జత కుదరని వరుసల పాఠంపై సమీక్ష

బెంగళూరులోని మారతహళ్లిలో సాఫ్ట్‌వేర్ శిక్షణ కేంద్రాలకు కొదవ లేదు. వాటిలో చాలాచోట్ల చెప్పేవారూ వినేవారూ తెలుగువారే కావడంతో పాఠం సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో సాగిపోతుంది. అటువంటి ఒక కేంద్రంలో శని, ఆదివారాల్లో జరిగే, డేటాబేస్ నుంచి సమాచారం రాబట్టే భాష అయిన ఎస్‌క్యూఎల్ తరగతి గురించి ఇక్కడ రాస్తున్నాను. లోపాలు కూడా చెప్పవలసి ఉన్నందున పేరు రాయడం లేదు. సెలెక్ట్, గ్రూప్ బై వంటి తొలి పాఠాలు ఎక్కడైనా దొరికేవే కనుక వాటి జోలికి పోను. రెండు టేబుళ్లను కలిపినప్పుడు ఒకవైపు వరుసకు రెండోవైపు జత దొరక్కపోతే ఏమి చేయాలన్న భాగం కోసమే ఈ తరగతిలో చేరవచ్చని నా అభిప్రాయం.

అభ్యాసానికి ఇచ్చిన డేటా ఒక పీజీ హాస్టల్‌ది. ఒక టేబుల్‌లో 40 మంది నివాసులు, రెండో టేబుల్‌లో నెలనెలా వచ్చిన అద్దెలు ఉంటాయి. జూన్‌లో 31 మంది కట్టారు. వారిలో ఒకరు రెండు విడతలుగా కట్టారు. అది కాక, ఎవరు పంపారో తేలని యూపీఐ చెల్లింపు ఒకటి నివాసి నంబరు లేకుండా, ఆ గడిలో నల్‌తో, అంటే విలువ లేదన్న గుర్తుతో ఉంది. ఇంత చిన్న డేటాలో ఇన్ని చిక్కులు ఇమిడ్చినవారి అనుభవాన్ని మెచ్చుకోవలసిందే.

జూన్ అద్దె కట్టనివారిని కూడా చూపమన్న లెక్క దగ్గర తరగతిలో సగం మంది ఆగిపోయారు. మొదటి టేబుల్ వరుసలను జత లేకపోయినా ఉంచేది లెఫ్ట్ జాయిన్; వరుసలు ఏ షరతు మీద జత కుదరాలో ఆన్ చెబుతుంది, కలిపాక వచ్చిన వరుసలను వేర్ వడగడుతుంది.

"సార్, లెఫ్ట్ జాయిన్ రాశాను, అయినా కట్టనివాళ్లు రావట్లేదు," అని ఒక అమ్మాయి అడిగింది.

"నెల షరతు ఎక్కడ పెట్టావమ్మా?"

"వేర్‌లో పెట్టాను సార్."

"దాన్ని ఆన్‌లోకి మార్చి నడిపించు, తర్వాత మాట్లాడుకుందాం."

వేర్‌లో ఉన్నప్పుడు 32 వరుసలు వచ్చిన చోట, షరతును ఆన్‌లోకి మార్చగానే 41 వచ్చాయి. జత దొరకని నివాసికి అద్దె టేబుల్ గడులన్నీ నల్ అవుతాయి. నల్‌ను జూన్‌తో పోలిస్తే ఫలితం నిజమూ కాదు, అబద్ధమూ కాదు, తెలియదు అవుతుంది. వేర్ నిజమైన వాటినే ఉంచుకుంటుంది కనుక లెఫ్ట్ జాయిన్ కాస్తా జత కుదిరిన వరుసలనే ఇచ్చే ఇన్నర్ జాయిన్‌గా మారిపోతుంది. వేర్‌లోనే ‘లేదా నెల నల్ అయితే’ అని చేర్చి గట్టెక్కవచ్చనుకున్నవారికి, మేలో కట్టి జూన్‌లో ఎగ్గొట్టిన వ్యక్తిని చూపి మాస్టారు ఆ దారి మూసేశారు: అతనికి మే వరుస జత కుదిరింది కాబట్టి నల్ రాదు, జూన్ లేదు కాబట్టి షరతూ నెగ్గదు. నివాసులు 40 మందే అయినా వరుసలు 41 ఎందుకయ్యాయో మాత్రం ఆయన చెప్పలేదు; రెండు విడతల సంగతి విద్యార్థులే పట్టుకునేదాకా ఊరుకున్నారు. ఈ ఓపిక మిగతా కేంద్రాల్లో అరుదు.

ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే కౌంట్ పాఠం కూడా బాగుంది. ఒక్కో నివాసి జూన్‌లో ఎన్నిసార్లు కట్టారో లెక్కించేటప్పుడు కౌంట్‌లో నక్షత్రం గుర్తు పెడితే, అది నల్‌లతో నిండిన వరుసనూ లెక్కిస్తుంది కనుక కట్టనివారికీ 1 వస్తుంది. అద్దె టేబుల్‌లోని ప్రైమరీ కీని, అంటే ప్రతి చెల్లింపుకూ తప్పక ఉండే గుర్తింపు గడిని లెక్కిస్తేనే 0 వస్తుంది. కట్టనివారిని వడగట్టడానికి గడి నల్ అవునా అని చూసే ఇజ్ నల్ పరీక్షను కూడా ఆ కీ మీదే పెట్టాలని, రిమార్కుల వంటి సహజంగానే ఖాళీగా ఉండే గడి మీద పెడితే కట్టినవారూ బకాయిదారుల్లో చేరిపోతారని స్పష్టంగా చెప్పారు.

ఇక లోపాలు. చేతికిచ్చిన నోట్సులో బకాయిదారుల ప్రశ్నకు నాట్ ఇన్‌తో, అంటే కట్టినవారి నంబర్ల జాబితాలో లేనివారిని అడిగే పద్ధతిలో జవాబు అచ్చు వేశారు. అదే డేటా మీద దాన్ని నడిపిస్తే ఒక్క వరుస కూడా రాదు, అంటే హాస్టల్‌లో ఎవరికీ బకాయి లేనట్టే. కారణం ఆ అనామక యూపీఐ చెల్లింపే: జాబితాలో ఒక్క నల్ ఉన్నా, అందులో లేని ఏ నంబరుకైనా పోలిక ‘తెలియదు’గా తేలుతుంది. జత వరుస ఉందా లేదా అని మాత్రమే చూసే నాట్ ఎగ్జిస్ట్స్ రాస్తే 9 మందీ వస్తారు. తామే తయారుచేసుకున్న డేటా మీద తమ జవాబునే నడిపించి చూసుకోకపోవడం ఫీజు తీసుకునేవారికి తగదు.

రిపోర్టులో నల్ కనిపించిన ప్రతిచోటా, నల్ బదులు వేరే విలువ చూపే కోఅలెస్‌తో సున్నా పెట్టమనడం రెండో లోపం. జూన్‌లో కట్టిన మొత్తానికి సున్నా సబబే. అడ్వాన్సు ఎంతో నమోదు కాని నివాసికి సున్నా వేస్తే అడ్వాన్సు ఇవ్వలేదని అర్థం వస్తుంది. సగటు కూడా పడిపోతుంది, ఎందుకంటే సగటు తీసే ఏవీజీ నల్‌లను వదిలేస్తుంది కానీ సున్నాలను కలుపుకుంటుంది.

తరగతి మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ మీద నడుస్తుంది, అందులో రెండువైపులా జత లేని వరుసలనూ చూపే ఫుల్ ఔటర్ జాయిన్ లేదు. యజమాని తెలియని చెల్లింపును కూడా చూపాలంటే లెఫ్ట్ జాయిన్‌కు, జత లేని అద్దె వరుసలను మాత్రమే ఇచ్చే రైట్ జాయిన్‌ను, ఒక ఫలితం కింద మరొకటి చేర్చే యూనియన్ ఆల్‌తో అతికించాలి. దీన్ని హడావిడిగా ముగించారు. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో సైతం 2022లో వచ్చిన 3.39.0 వెర్షన్ నుంచి ఫుల్ జాయిన్ ఉంది, మరో డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో ఎప్పటినుంచో ఉంది. కనీసం ఒక పూట వాటిలో ఒకదాన్ని తెరిచి చూపవలసింది. కంపెనీలో పాత ఒరాకిల్ డేటాబేస్ కోడ్ చూసుకునేవారు, ఔటర్ జాయిన్‌కు బ్రాకెట్లలో ప్లస్ గుర్తు పెట్టే పద్ధతిని ఇక్కడ చెప్పరని ముందే తెలుసుకుని ఫీజు కట్టడం మంచిది.